మోగని టోపీ, కదలని చెయ్యి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు విషయాల చుట్టూ తిరిగాయి. ఒకటి హైటెన్షన్ లైన్ల దగ్గర భద్రత, రెండోది ఒంటికి పెట్టుకునే నిద్ర సెన్సర్లు. పైకి సంబంధం లేనట్టు కనిపించినా, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజనీరింగ్ విద్యార్థులు రాసిన ఉత్తరాలను చూస్తే ఈ రెండూ ఒకే ప్రయోగశాల బల్ల మీదికి చేరుతున్నాయని తెలుస్తోంది. అందువల్ల వీటికి ఒకే చోట జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము నలుగురం ఈ.ఈ.ఈ. (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) చివరి సంవత్సరం చదువుతున్నాం. 11 కె.వి. లైనుకు దగ్గరవుతున్నప్పుడు మోగి హెచ్చరించే హెల్మెట్‌ను ప్రాజెక్టుగా తీసుకున్నాం. లైన్‌మన్‌గా పనిచేస్తున్న మా మావయ్యకు చూపిస్తే, "టోపీ మోగనేదంటే లైను డెడ్డయిపోయినట్టేటి బాబూ?" అని నవ్వి ఊరుకున్నారు. మా ప్రాజెక్టు పనికిరాదంటారా? దీన్ని ఎలా పరీక్షించాలి?
– ఒక విద్యార్థి, రాజాం

జవాబు: పనికిరాదని నేను అనను. అయితే మీ మావయ్యగారు వేసిన ప్రశ్ననే మీ నివేదికలో మొదటి అధ్యాయంగా పెట్టుకోమంటాను, ఎందుకంటే స్తంభం ఎక్కే మనిషికి కావలసిన సమాధానం అందులోనే ఉంది.

ముందుగా మీ హెల్మెట్ దేన్ని కొలుస్తోందో చూద్దాం. 11 కిలోవోల్టులు అనేది రెండు ఫేజుల మధ్య ఉండే వోల్టేజి. ఒక ఫేజుకూ నేలకూ మధ్య ఉండేది సుమారు 6,350 వోల్టులు. ఆ తీగ చుట్టూ సెకనుకు 50 సార్లు దిశ మారే విద్యుత్ క్షేత్రం ఉంటుంది, ఆ క్షేత్రంలో ఒక చిన్న రేకును ఉంచితే అందులో అతి స్వల్పమైన కరెంటు పుడుతుంది. ఎంత స్వల్పమో లెక్క వేసి చూడండి: మీటరుకు 1,000 వోల్టుల క్షేత్రంలో 10 చదరపు సెంటీమీటర్ల రేకు పట్టుకునే కరెంటు 3 నానో ఆంపియర్ల కంటే కాస్త తక్కువే. దాన్ని చెదరకుండా పెంచగల యాంప్లిఫయర్ ఈ రోజుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది కాబట్టి హెల్మెట్‌ను మోగించడం మీకు పెద్ద కష్టమేమీ కాదు. మోగవలసిన ప్రతిసారీ మోగుతుందని హామీ ఇవ్వడమే కష్టం.

అది మోగకుండా ఉండిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి. వానలో హెల్మెట్ తడిస్తే ఆ మూడు నానో ఆంపియర్లు తడి పొర మీదుగా పక్కదారి పడతాయి. మన తీరంలో లైన్లు తెగేది ఎక్కువగా గాలివానలోనే అని గుర్తు పెట్టుకుంటే, మీ పరికరం అవసరమయ్యే వేళా అది బలహీనపడే వేళా ఒకటేనని అర్థమవుతుంది. స్తంభం మీద ఎర్త్ చేసిన ఇనుప క్రాస్ ఆర్మ్ పక్కకు తల చేరినప్పుడు ఆ ఇనుమే క్షేత్రాన్ని అడ్డుకుంటుంది. మూడు ఫేజుల క్షేత్రాలు ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకునే చోట్లు కూడా ఉంటాయి, అక్కడ తీగలు దగ్గరగా ఉన్నా రీడింగు తగ్గుతుంది. పైన లోహపు తొడుగు ఉన్న కేబుల్ బయటికి క్షేత్రాన్ని రానివ్వదు. ఇవన్నీ కాక బ్యాటరీ అయిపోవడం, సోల్డరు ఊడిపోవడం వంటివి ఎప్పుడూ ఉండేవే. హెల్మెట్‌కు బదులు చేతి పట్టీగా చేద్దామా అని మీ బృందంలో ఎవరైనా అంటే, నిలబడ్డ మనిషి తల దగ్గర క్షేత్రం అనేక రెట్లు చిక్కబడుతుందనీ, ఒంటి పక్కన వేలాడే చేతికి ఆ మేర ఒళ్ళే చాటవుతుందనీ చెప్పండి. ఈ విషయంలో మీరు హెల్మెట్‌ను ఎంచుకోవడం సరైనదే.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పైన చెప్పిన లోపాలన్నీ సరిచేసి మచ్చలేని పరికరాన్ని తయారు చేసినా, అది చెప్పేది ఆ క్షణంలో లైను ఎలా ఉందన్నది మాత్రమే. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ వంటి తుపాను తరువాత ఊళ్ళలో జనరేటర్లు, ఇన్వర్టర్లు నడుస్తుంటాయి. వీధి లైనును ఇంటి నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ పెట్టుకోకుండా ఎవరైనా జనరేటర్‌ను నేరుగా ఇంటి వైరింగుకు కలిపితే, ఆ 230 వోల్టులు వీధి లైను గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనకవైపు నుంచి చేరి, అవతలి వైపు వేల వోల్టులుగా బయటికి వస్తాయి. లైన్‌మన్ స్తంభం ఎక్కేటప్పుడు మౌనంగా ఉన్న హెల్మెట్, అతను పనిలో ఉండగా ఎవరో జనరేటర్ తాడు లాగిన మరుక్షణం మోగితే ప్రయోజనం ఏముంది? అందుకే సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకోవడం, ఏ.బి. స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) తెరిచి మూడు బ్లేడ్లూ విడివడ్డాయని కళ్ళతో చూసుకోవడం, దానికి తాళం వేయడం, పరీక్షా సాధనంతో లైనులో వోల్టేజి లేదని నిర్ధారించుకోవడం, ఆపైన పనిచేసే చోటుకు రెండు పక్కలా మూడు ఫేజులనూ కలిపి ఎర్త్ చేయడం అనే వరుస ఏర్పడింది. తరువాత లైనులోకి కరెంటు ఎటునుంచి వచ్చినా మనిషిని కాపాడేది ఆ చివరి అంచె, ఆ పని ఏ హెల్మెటూ చేయలేదు.

కాబట్టి మీ నివేదికలో "లైన్‌మన్ల ప్రాణాలను కాపాడే పరికరం" అని రాయకండి. ఎల్.సి. తీసుకున్న ఫీడరుకు (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైనుకు) బదులు పొరపాటున పక్క ఫీడరు స్తంభం ఎక్కుతున్న మనిషిని ఆపగల అదనపు హెచ్చరిక అని రాయండి. అలాంటి పొరపాట్లు ఉన్నవే, అక్కడ మీ హెల్మెట్ నిజంగా అక్కరకు వస్తుంది. దానికి రెండు ఏర్పాట్లు తప్పనిసరి. మొదటిది, పరికరం బతికే ఉందని తెలిపే దీపం వెలుగుతూ ఉండాలి. రెండోది, మీట నొక్కితే రేకు దగ్గర నుంచి బజరు వరకు మొత్తం దారిని పరీక్షించే స్వయం పరీక్ష ఉండాలి. బజరు ఒక్కటీ మోగితే చాలనుకునే స్వయం పరీక్షలు మార్కెట్లో ఉన్నాయి, వాటిని అనుకరించకండి. 1,000 వోల్టులకు పైబడిన ఏ.సి. లైన్ల కోసం వాడే వోల్టేజి డిటెక్టర్లకు ఐ.ఈ.సి. 61243-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మీ పరికరం దాన్ని అందుకోలేకపోయినా, అందులో ఏమేం పరీక్షిస్తారో చదివితే మీ ఆలోచన మారుతుంది.

ఇక పరీక్షించే పద్ధతి. మీరు ఏ పరిస్థితిలోనూ నిజమైన లైను దగ్గరకు వెళ్ళకూడదు, మీ మావయ్యగారిని కూడా తీసుకెళ్ళమని అడగకూడదు. కళాశాలలో అధిక వోల్టేజి ప్రయోగశాల ఉంటే, తలుపు తెరిస్తే సరఫరా ఆగిపోయే ఇంటర్‌లాకు, డిశ్చార్జ్ రాడ్ ఉన్న చోట, అధ్యాపకుల సమక్షంలో చేయవచ్చు. లేకపోయినా దిగులుపడనక్కరలేదు. అరమీటరు చదరం ఉన్న రెండు అల్యూమినియం రేకులను 12 సెంటీమీటర్ల ఎడంతో సమాంతరంగా నిలిపి, విడి వైండింగులున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 24 వోల్టుల ఏ.సి. ఇస్తే మధ్యలో మీటరుకు 200 వోల్టుల క్షేత్రం వస్తుంది. ఎడం మారిస్తే క్షేత్రం మారుతుంది. ప్రమాదం లేకుండా సెన్సర్‌ను క్రమాంకనం చేయడానికి ఇది చాలు. ఆపైన హెల్మెట్‌ను తడిపి, ఆరబెట్టి, పక్కన ఎర్త్ చేసిన ఇనుప కోణం పెట్టి మళ్ళీ మళ్ళీ కొలవండి. అనవసరంగా మోగినవాటినీ, మోగవలసి ఉండి మోగనివాటినీ వేర్వేరు పట్టికల్లో రాయండి. రెంటినీ కలిపి ఒకే "కచ్చితత్వ శాతం" చూపిస్తే మీ మావయ్యగారి ప్రశ్నకు జవాబు ఆ శాతంలో దాగిపోతుంది.

ప్రశ్న: పిల్లలను సబ్‌స్టేషన్ చూపించడానికి తీసుకువెళ్ళాను. అక్కడ నేలంతా కంకర ఎందుకు పరుస్తారని ఒక అమ్మాయి అడిగింది. గడ్డి మొలవకుండా అని చెప్పాను. అంతేనా?
– ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: గడ్డి మొలవకపోవడం, ట్రాన్స్‌ఫార్మర్ నూనె కారితే కంకర సందుల్లోకి ఇంకడం కూడా నిజమే. కానీ అసలు కారణం మనిషి పాదాల కింద ఉండే నిరోధం. సబ్‌స్టేషన్‌లో ఏదైనా ఫేజు నేలను తాకితే వేల ఆంపియర్ల కరెంటు భూమిలోకి దిగుతుంది, అప్పుడు అక్కడి నేల వోల్టేజి కూడా లేస్తుంది. ఆ సమయంలో ఎవరైనా ఇనుప చట్రాన్ని ముట్టుకుని నిలబడి ఉంటే, చేతికీ కాళ్ళకూ మధ్య ఏర్పడే తేడాను టచ్ పొటెన్షియల్ అంటారు.

సబ్‌స్టేషన్ల ఎర్తింగుకు ఉన్న ఐ.ఈ.ఈ.ఈ. 80 అనే ప్రమాణంలో దీనికి లెక్క ఉంది. 50 కిలోల మనిషి, ఒంటి నిరోధం 1,000 ఓములు, లోపం తలెత్తిన అరసెకనులో సరఫరా తెగిపోతుందని అనుకుందాం. 100 ఓమ్-మీటర్ల నిరోధకత (పదార్థం కరెంటును అడ్డుకునే గుణం) ఉన్న మామూలు మట్టి మీద నిలబడితే అతను తట్టుకోగలది సుమారు 190 వోల్టులు. అదే మట్టి మీద 10 సెంటీమీటర్ల మందాన, తడిసినా 3,000 ఓమ్-మీటర్ల నిరోధకత నిలుపుకునే కంకర పరిస్తే ఆ హద్దు సుమారు 680 వోల్టులకు చేరుతుంది. రెండు పాదాల మధ్య ఏర్పడే స్టెప్ పొటెన్షియల్ విషయంలో తేడా ఇంకా ఎక్కువ: మట్టి మీద 260 వోల్టుల చిల్లర, కంకర మీద 2,200 వోల్టుల పైన. ఏళ్ళు గడిచి కంకర మట్టిలో కూరుకుపోయిన సబ్‌స్టేషన్‌లో ఈ రక్షణ కాగితం మీదే మిగులుతుంది.

పిల్లలకు సబ్‌స్టేషన్ కంటే రోడ్డు మీద ఎదురయ్యే విషయం కూడా ఇదే లెక్కలో ఉంది. తెగిపడిన తీగ చుట్టూ నేల మీద కూడా అడుగు అడుగుకూ వోల్టేజి మారుతుంది. దానికి కనీసం 10 మీటర్ల దూరంలో ఆగిపోవాలి. ఇప్పటికే దగ్గరగా ఉంటే పెద్ద అంగలు వేసి పరిగెత్తకుండా, రెండు పాదాలనూ ఆనించి నేల మీద జరుపుకుంటూ దూరం వెళ్ళాలి. ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టే ఇలాంటి చోట మనుషుల కంటే ముందు పశువులు పడిపోతాయి.

ప్రశ్న: నా భర్త లైన్‌మన్. వానాకాలంలో రాత్రంతా బ్రేక్‌డౌన్ పని చేసి, పొద్దున్న రెండు గంటలు పడుకుని మళ్ళీ వెళ్తుంటారు. మా అబ్బాయి నిద్రను కొలిచే చేతి పట్టీ కొనిచ్చాడు. ఒక రోజు "గాఢ నిద్ర 40 నిమిషాలు" అని, ఇంకో రోజు "నిద్ర బాగుంది" అని చూపిస్తోంది. నిద్ర బాగుందన్న రోజు కూడా ఆయన కళ్ళు ఎర్రగానే ఉంటాయి. దేన్ని నమ్మాలి?
– ఒక గృహిణి, నరసన్నపేట

జవాబు: అమ్మా, ఆయన కళ్ళనే నమ్మండి.

ఆ పట్టీలో ఉండేవి ప్రధానంగా రెండు సెన్సర్లు. ఒకటి చేతి కదలికను కొలుస్తుంది, రెండోది పచ్చని వెలుగును చర్మం మీదికి పంపి నాడి కొట్టుకోవడాన్ని లెక్కిస్తుంది. నిద్రలో గాఢ దశ, కలల దశ అనేవి మెదడు తరంగాలను బట్టి, కంటి కదలికలను బట్టి, గడ్డం కండరం బిగువును బట్టి నిర్ణయించేవి. పట్టీకి వీటిలో ఏ ఒక్కటీ అందదు, అది కదలికనూ నాడినీ చూసి ఊహిస్తుంది. ముఖ్యంగా, కళ్ళు తెరుచుకుని కదలకుండా పడుకున్న మనిషిని నిద్రపోతున్నట్టు లెక్కగట్టడం ఇలాంటి పరికరాలకు ఉన్న పాత బలహీనత. అలసిపోయి, నిద్ర పట్టక, అటూ ఇటూ దొర్లే ఓపిక కూడా లేక పడి ఉన్నవారి విషయంలో అది నిండుగా పొరబడుతుంది. తయారీదారులు చెప్పే శాతాల్లోనూ ఒక కిటుకు ఉంది. మంచం మీద 8 గంటలు ఉండి 48 నిమిషాలు మెలకువగా ఉన్న మనిషిని రాత్రంతా నిద్రపోయాడని చెప్పే పరికరం కూడా 90 శాతం సరైనదే అవుతుంది.

పట్టీని పూర్తిగా పారేయమని కాదు. ఏ వేళకు పడుకున్నారు, ఏ వేళకు లేచారు, వారం మొత్తం మీద ఎన్ని గంటలు దొరికాయి అన్న లెక్కకు అది పనికివస్తుంది. దశల గురించి అది చెప్పే మాటలు పక్కన పెట్టండి. ఆయన గట్టిగా గురక పెడుతూ మధ్యలో పది సెకన్లకు పైగా ఊపిరి ఆగినట్టు మీకు అనిపిస్తే మాత్రం పట్టీ ఏమన్నా సరే ఊపిరితిత్తుల వైద్యుడికి చూపించండి. గంటకు ఇలాంటి అంతరాయాలు 5 దాటితే స్లీప్ ఆప్నియాగా పరిగణించడం మొదలవుతుంది, 30 దాటితే తీవ్రమైనదంటారు. ఇది సరైన పరీక్షతో మాత్రమే తేలుతుంది.

రాత్రంతా పనిచేసి మళ్ళీ స్తంభం ఎక్కడం గురించి ఒక పరిశోధనను ఆయన పైఅధికారులకు చెప్పదగినంత గట్టిదని నేను భావిస్తాను. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో జరిపిన ప్రయోగంలో, 17 గంటలు వరుసగా మెలకువగా ఉన్నవారి చేతి-కంటి సమన్వయం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోయిందని తేలింది. 24 గంటలకు అది సుమారు 0.1 శాతానికి సమానమైంది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. బండి నడపనివ్వని స్థితిలో ఉన్న మనిషిని 11 కె.వి. స్తంభం ఎక్కమనడం ఎంతవరకు సబబో వారే చెప్పాలి.

ఇంకొక్క మాట. ఆ పట్టీకి లోహపు గొలుసు ఉంటే డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఇంట్లోనే తీసి పెట్టమనండి. ఉంగరం, గొలుసు, లోహపు గడియారం ఏదీ లైను పనిలో ఒంటి మీద ఉండకూడదు.

ప్రశ్న: మాది ఉద్దానం. తోటలో రెండు కొబ్బరి చెట్ల పక్కగా 11 కె.వి. తీగలు పోతున్నాయి. వెదురు దోటితో కాయలు కోస్తే కరెంటు కొట్టదంటున్నారు, నిజమేనా?
– ఒక రైతు, కవిటి

జవాబు: నిజం కాదు. బాగా ఎండిన వెదురు కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మంచు కురిసిన ఉదయం దానిని ఇంకా నమ్మలేము. 6,350 వోల్టులకు ఆ తేమే దారి. దోటి చివర కట్టిన కొడవలి ఇనుమే కదా, అది పచ్చి మట్టను తాకుతూ, ఆ మట్ట తీగను తాకితే చాలు. అల్యూమినియం గెడల సంగతి చెప్పనే అక్కరలేదు. సరఫరా సంస్థ టోల్ ఫ్రీ నంబరు 1912కు చెప్పి, మట్టలు నరికించమని గానీ, కోత సమయానికి లైను ఆపమని గానీ కోరండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం తొడుగు లేని 11 కె.వి. తీగ పొలాల్లో నేలకు కనీసం 4.6 మీటర్లు, వీధిని దాటే చోట 6.1 మీటర్ల ఎత్తున ఉండాలి. మీ తోటలో తీగ అంతకంటే జారి ఉంటే ఆ ఫిర్యాదు కూడా కలిపి ఇవ్వండి.

ప్రశ్న: తల పట్టీ రూపంలో మెదడు తరంగాలను నమోదు చేసి నిద్ర దశలను గుర్తించే పరికరం మీద పనిచేస్తున్నాను. సిగ్నల్ నిండా 50 హెర్ట్జ్ రొద వస్తోంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను (మిగతా సిగ్నళ్లను పోల్చడానికి చర్మానికి అంటించేదాన్ని) గోడ ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకు కలిపితే రొద పోతుందని ఒక స్నేహితుడు చెప్పాడు. చేసి చూస్తే నిజంగానే తగ్గింది. ఇలాగే రాత్రంతా పెట్టుకుని నమోదు చేయవచ్చా?
– ఒక విద్యార్థిని, ఎచ్చెర్ల

జవాబు: ఈ ఉత్తరం చదివే సమయానికి ఆ తీగ ఇంకా అలాగే ఉంటే, ముందు దాన్ని పీకేసి మిగతాది చదవండి.

పొడి చర్మానికి ఉన్న అధిక నిరోధమే నిత్య జీవితంలో మనల్ని కొంతవరకు కాపాడుతోంది. మీరు మంచి సిగ్నల్ కోసం చర్మాన్ని రుద్ది, జెల్ రాసి, ఆ నిరోధాన్ని 5,000 ఓముల దాకా దించారు. ఈ.ఈ.జి.కి (మెదడు తరంగాల నమోదుకు) అది అవసరమే. కానీ అలా తెరిచిన దారిని ఎర్త్‌కు కలిపితే, ఇంకో ఎలక్ట్రోడ్‌కు ఎక్కడో ఒక లోపం వల్ల 230 వోల్టులు చేరిన రోజున రెండు ఎలక్ట్రోడ్ల 10,000 ఓముల గుండా సుమారు 20 మిల్లీ ఆంపియర్లు మీ తలలోంచి ప్రవహిస్తాయి. వైద్య పరికరాల భద్రతకు ఐ.ఈ.సి. 60601-1 ప్రమాణం ఈ తరహా ఎలక్ట్రోడ్లకు మామూలు పరిస్థితిలో అనుమతించే లీకేజి 100 మైక్రో ఆంపియర్లు, అంటే అందులో రెండు వందల వంతు. ఇంట్లో ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) ఉంది కదా అనుకోకండి. 30 మిల్లీ ఆంపియర్ల రేటింగు ఉన్నది 15కు లోపు తెగకూడదు, 30కి తప్పక తెగాలి. ఆ మధ్యలో ఉన్న 20కి అది తెగుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. పట్టుకున్న తీగను చెయ్యి వదలలేని స్థితి మీద బర్క్‌లీలో పరిశోధించి, ఇలా స్వల్ప లీకేజికే తెగే పరికరాన్ని 1961లో రూపొందించిన చార్లెస్ డాల్‌జీల్, స్త్రీలలో ఆ వదలలేని స్థితి సగటున 10.5 మిల్లీ ఆంపియర్లకే వస్తుందని కొలిచారు.

230 వోల్టులు నా ఎలక్ట్రోడ్‌కు ఎలా చేరతాయని మీరు అడగవచ్చు. చార్జరు పెట్టి ఉన్న లాప్‌టాప్ లోహపు మూత మీద వేలి వెనక వైపు మెల్లగా రాసి చూస్తే జివ్వుమన్నట్టు ఉంటుంది. రెండు పిన్నుల చార్జరులో రొదను అణచడానికి పెట్టిన కెపాసిటరు గుండా వచ్చే లీకేజి అది. మంచి చార్జరులో అది మైక్రో ఆంపియర్ల లెక్కలోనే ఉంటుంది. బస్టాండు దగ్గర కొన్న నకిలీ చార్జరులో ఇన్సులేషన్ విఫలమైతే మొత్తం సరఫరా యు.ఎస్.బి. తీగ గుండా మీ బోర్డుకూ, అక్కడి నుంచి నుదుటికీ వస్తుంది.

కాబట్టి మనిషి ఒంటికి తగిలి ఉన్నంతసేపు మీ బోర్డు బ్యాటరీ మీద మాత్రమే నడవాలి. డేటాను బ్లూటూత్ ద్వారా గానీ, మెమరీ కార్డులో గానీ పంపాలి. యు.ఎస్.బి. తీగ పెట్టవలసివస్తే ముందు పట్టీ తల నుంచి దిగాలి. చార్జింగు కూడా అలాగే. ప్రతి ఎలక్ట్రోడ్ తీగలో 1 లక్ష ఓముల నిరోధం వరుసలో పెడితే, లోపం వచ్చి లిథియం సెల్ వోల్టేజి మొత్తం చర్మానికి చేరినా, నిండా చార్జయిన 4.2 వోల్టులకు 42 మైక్రో ఆంపియర్లు దాటదు. ఒక లోపం తలెత్తిన స్థితిలో డి.సి.కి ఉన్న 50 మైక్రో ఆంపియర్ల హద్దుకు అది లోపే. ఆ నిరోధం తెచ్చే అదనపు రొద అర మైక్రోవోల్టు కూడా ఉండదు, మీరు వెతుకుతున్న తరంగాలేమో పదుల మైక్రోవోల్టులవి.

ఇక 50 హెర్ట్జ్ సంగతి. మీ ఒళ్ళు గది వైరింగుతో కెపాసిటరులా కలిసి ఉండటం వల్ల అది వస్తుంది. దానికి సరైన మందు డ్రివెన్ రైట్ లెగ్ అనే సర్క్యూట్. ఒంటి మీద ఉన్న రొదను కొలిచి, తలకిందులు చేసి, పెద్ద నిరోధం గుండా తిరిగి ఒంటికే ఇచ్చి చల్లార్చడం దాని పని. భూమితో నిమిత్తం లేకుండా అది ఎర్త్ పిన్ను చేసిన పనే చేస్తుంది. తీగలను పొట్టిగా ఉంచి మెలివేయండి, రెండు ఎలక్ట్రోడ్ల నిరోధాలు దాదాపు సమానంగా ఉండేట్టు చూడండి. ఆ తరువాతే, ఆ ఒక్క పౌనఃపున్యాన్నే తీసేసే నాచ్ ఫిల్టరు. దొరికిన కోడు నుంచి ఎత్తుకున్న ఫిల్టరులో 60 హెర్ట్జ్ అని ఉందేమో కూడా చూసుకోండి, అమెరికాలో రాసిన కోడులో అలాగే ఉంటుంది. అంతకుముందే యాంప్లిఫయర్ రొదతో నిండిపోతే ఫిల్టరు తరువాత మిగిలేది చదునైన గీత. మీ ప్రోగ్రాము దాన్ని ప్రశాంతమైన నిద్రగా లెక్కవేసే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రతి 30 సెకన్ల ఖండానికీ "సిగ్నల్ సరిగా లేదు" అనే గుర్తు కూడా పెట్టండి. ఆ గుర్తు ఎన్ని ఖండాలకు పడిందో నివేదికలో దాచకండి.

ప్రశ్న: మా ఇంటికి కొద్ది దూరంలో 220 కె.వి. లైను వెళ్తోంది. మా అమ్మగారికి నిద్ర పట్టడం లేదు, లైను వల్లేనని చుట్టుపక్కలవారు అంటున్నారు. వాన రోజుల్లో రేకుల షెడ్డు ముట్టుకుంటే జిల్లుమంటోంది కూడా.
– ఒక పాఠకుడు, గరివిడి

జవాబు: రెండూ వేర్వేరు విషయాలు. లైను అయస్కాంత క్షేత్రం నిద్రను చెడగొడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. తక్కువ పౌనఃపున్యపు అయస్కాంత క్షేత్రాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2002లో "బహుశా కారకం కావచ్చు" అనే 2బి వర్గంలో చేర్చింది. అది పిల్లల లుకేమియా అధ్యయనాల ఆధారంగా చేసినది, నిద్రకు సంబంధించినది కాదు. సాధారణ ప్రజలకు ఐ.సి.ఎన్.ఐ.ఆర్.పి. (ఇలాంటి క్షేత్రాల నుంచి రక్షణకు హద్దులు సూచించే అంతర్జాతీయ సంఘం) 2010లో సూచించిన హద్దు 50 హెర్ట్జ్ దగ్గర 200 మైక్రోటెస్లాలు, మీటరుకు 5,000 వోల్టులు. తేమ ఉన్న రాత్రుల్లో తీగల దగ్గర వచ్చే చిటపట చప్పుడు మాత్రం నిజమే, చెవికి తగులుతూ ఉంటే నిద్ర చెడుతుంది. మంచం ఇంకో గదిలోకి మార్చి చూడండి. ఆమె వయసు, మందులు, మధ్యాహ్నపు కునుకు కూడా వైద్యుడితో మాట్లాడవలసినవే.

రేకుల షెడ్డు జిల్లుమనడం లైను క్షేత్రం వల్ల ఎర్త్ లేని లోహం మీద చేరే చార్జి కావచ్చు. షెడ్డులోని వైరింగు ఎక్కడో రేకుకు తగులుతూ ఉండటం కూడా కావచ్చు, ఇదే ఎక్కువ ప్రమాదకరం. ముందు మెయిన్ ఆపి, వైరింగును అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయండి, ఆపైన రేకులకు ఎర్త్ వేయించండి. ఎర్త్ ముందు వేసి వైరింగు తరువాత చూద్దామనుకోవద్దు. 220 కె.వి. తీగకూ కట్టడానికీ మధ్య అడ్డంగా కనీసం 3.8 మీటర్లు, నిలువుగా 5.5 మీటర్లు ఖాళీ ఉండాలి. షెడ్డు ఆ లోపులో ఉంటే ఎర్త్‌తో తీరే సమస్య కాదు, షెడ్డే మార్చాలి.

ప్రశ్న: నేను 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. రాత్రి డ్యూటీలో ఆపరేటర్ల నిద్రమత్తు మీద పరిశోధన అని ఇంజనీరింగ్ విద్యార్థులు చేతి పట్టీలు ఇస్తామంటున్నారు. పెట్టుకోమని పైనుంచి చెప్పించారు. రేపు "డ్యూటీలో నిద్రపోయాడు" అని దాన్నే నా మీద వాడితే?
– ఒక ఉద్యోగి, ఆమదాలవలస

జవాబు: మీ అనుమానం సహేతుకమైనది. "పైనుంచి చెప్పించడం"తోనే ఆ పరిశోధన దారి తప్పింది. మనుషుల మీద జరిపే వైద్య, ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధనా మండలి 2017లో నైతిక మార్గదర్శకాలు ప్రకటించింది. ఉద్యోగి, విద్యార్థి వంటి, పైవారికి కాదనలేని స్థితిలో ఉన్నవారి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరమని అందులో ఉంది. కళాశాల నైతిక సంఘం అనుమతి లేఖ చూపించమని విద్యార్థులను అడగండి. మీ సమ్మతి స్వచ్ఛందంగా ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకునే హక్కు ఉండాలి, మానుకున్నందుకు ఏ నష్టమూ జరగకూడదు.

విద్యార్థులకూ ఇదే చెబుతున్నాను. పట్టీకి పేరుకు బదులు సంకేత సంఖ్య ఇవ్వండి, ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితా మీ మార్గదర్శి బీరువాలో తాళం కింద ఉండాలి, సబ్‌స్టేషన్ అధికారులకు వ్యక్తిగత రికార్డు ఏదీ చేరకూడదు. కదలకుండా కూర్చుని ప్యానెల్ మీటర్లు చూస్తున్న ఆపరేటర్‌ను ఈ పట్టీ నిద్రపోయినట్టు చూపగలదని పైన నరసన్నపేట పాఠకురాలికి రాసిన జవాబులో చెప్పాను. కాబట్టి దాని రీడింగు క్రమశిక్షణ చర్యకు ఆధారంగా నిలవదు, నిలవనివ్వకూడదు. ఇదంతా సమ్మతి పత్రంలో తెలుగులో రాసి ఉండాలి. సంతకం చేసిన పత్రం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, నకలు ఇచ్చేది లేదంటే పట్టీ పెట్టుకోవద్దు.